అయిదో మనిషి

“నలుగురే ఉన్నారమ్మా,” అంది పంతొమ్మిదేళ్ల షెల్బీ.

“సరిగ్గా చూడు,” అంది వెర్నా.

“చూడ్డానికేముంది? నానమ్మ, ట్వైలా అత్త, హార్లన్ తాత, నేను. ఎటు నుంచి లెక్కపెట్టినా నలుగురమే. అయిదో మనిషి లేకపోతే మీ మేడమ్ వీడియో తీసుకోదు కదా?”

తీసుకోదు. ఆ షరతులన్నీ వెర్నాకు కంఠతా వచ్చు. సాయంత్రం అయిదు గంటల్లోగా వీడియో పంపాలి. ఎదురుగా అయిదుగురు పెద్దవాళ్లు కూర్చుని వినాలి. మొదట ఆ అయిదుగురి మొహాలూ కెమెరాలో చూపించాలి, తర్వాత ఏడు నిమిషాలు నిలబడి మాట్లాడాలి, చివర మళ్లీ అదే అయిదుగురిని చూపించాలి. మధ్యలో ఆపకూడదు, ముక్కలు అతికించకూడదు. విన్నవాళ్లు రాసిన చీటీలు కూడా జత చేయాలి. ఒక్కటి తప్పినా సున్నా. సున్నా వస్తే ఈ సబ్జెక్టు పోయినట్టే. ఈ సబ్జెక్టు పోతే వచ్చే శనివారం చేతికి రావలసిన డిగ్రీ కూడా పోయినట్టే.

గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

ఈ ఉపన్యాసాల క్లాసు ఆన్‌లైన్‌లో కూడా ఉందని తెలిసినప్పుడు ఆమె ఎంత సంబరపడిందో! నలుగురి ముందు నిలబడి నోరు విప్పడమంటే ఆమెకు ప్రాణం పోయినంత పని. రెండేళ్ల చదువు చెప్పే కమ్యూనిటీ కాలేజీలో గడిపిన ఆరేళ్లలో ఆ క్లాసులో రెండుసార్లు చేరి, రెండుసార్లూ రెండో వారంలోనే పేరు కొట్టేయించుకుంది. చరిత్ర అయింది, సైకాలజీ అయింది, రాళ్ల గురించి చదివే సబ్జెక్టు కూడా అయింది. ఇదొక్కటే మిగిలింది. ఇంట్లో కూర్చుని చేసే క్లాసయితే మనుషుల బెడద ఉండదనుకుని చేరింది. చేరాక గదా ఈ అయిదుగురి షరతు కంటబడింది. పరాయివాళ్లను తప్పించుకోబోయి సొంతవాళ్ల ముందు ఇరుక్కుంది. పరాయివాళ్లే నయమని ఇప్పుడు తెలుస్తోంది.

“వీధిలో ఎవరినైనా పిలుచుకురానా?” అంది ట్వైలా. ఆమె ర్యాండల్‌కు అక్క, వెర్నాకు ఆడపడుచు. ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగినా ముందుగా ఆమెకే తెలుస్తుంది.

“ఎవరున్నారు వదినా పిలవడానికి? అందరూ చర్చి దగ్గర చేపల విందుకు పోయారు.”

“అయితే ఆ మహానుభావుణ్ణే పిలవాలి.”

అందరూ కిటికీ వైపు చూశారు. అయిదో మనిషి అక్కడే, కళ్లెదురుగానే ఉన్నాడు. ఇంటి ముందు తన పికప్ బండిలో, ఒళ్లో ప్లేటు పెట్టుకుని కోడి నూడుల్స్ తింటున్నాడు. వెర్నా భర్త ర్యాండల్ బుధవారం నుంచి అక్కడే తింటున్నాడు. ఇంట్లోకి వస్తాడు, స్నానం చేస్తాడు, పడుకుంటాడు. భోజనం మాత్రం బండిలో. పెళ్లాంతో మాట బంద్.

“బుధవారం ఆ కవరు ముందుగా వాడి చేతిలోనే పడేదాకా ఊరుకున్నావు చూడు, అదీ నీ తెలివి,” అంది అత్తగారు ఓపల్. డెబ్భై ఎనిమిదేళ్ల ఆవిడ పొద్దున చర్చికి పెట్టుకెళ్లిన టోపీ ఇంకా తీయలేదు. “ముందే ఒక మాట చెప్పొచ్చు కదే.”

“ఏమని చెప్పను అత్తయ్యా? నాకే తెలీదు.”

“యూనివర్సిటీలో సీటుకి రాసుకున్న సంగతి నీకు తెలీదా?”

“అది తెలుసు. వెళ్తానో లేదో తెలీదు.”

ఆమె అబద్ధం చెప్పడం లేదు. జనవరిలో కాలేజీ సలహాదారు పిలిచి, అన్ని సబ్జెక్టులూ కలిసిన లిబరల్ ఆర్ట్స్‌లో మీకు వచ్చే ఈ రెండేళ్ల డిగ్రీ సగం దారి మాత్రమేనని, మిగతా సగానికి యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకోమని చెప్పాడు. పెడితే పోయేదేముందని పెట్టింది. బుధవారం లావుపాటి కవరొచ్చింది. ఇక్కడ చదివిందంతా చెల్లుతుందట, తిన్నగా మూడో ఏడాదిలో చేర్చుకుంటారట. వెళ్లాలంటే గంటా నలభై నిమిషాల దారి. పోస్టు డబ్బాలోంచి కవరు తీసింది ర్యాండల్. వచ్చే శనివారంతో ఈ చదువు గొడవ ముగిసిపోతుందని ఎదురుచూస్తున్న మనిషి, అది సగమేనని గుమ్మంలో నిలబడి చదువుకున్నాడు.

అతణ్ణి అనడానికీ లేదు. ఈ డిగ్రీ ఏమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. కోడలు టీచరవుతోందని ఓపల్ చర్చిలో అందరికీ చెప్పింది. బ్యాంకు ఉద్యోగమని ట్వైలా చెప్పుకుంటోంది. పక్కింటి హార్లన్ బాబాయి అయితే నర్సు చదువనుకుని కనబడ్డప్పుడల్లా మోకాలు చూపిస్తాడు. వెర్నా ఒక్కరినీ కాదనలేదు. కాదంటే, మరేమిటని అడుగుతారు. అన్నీ కొంచెం కొంచెం అని చెబితే అదీ ఒక చదువేనా అంటారు. నలభై ఏడేళ్లు వచ్చి, ఇరవై ఏళ్లుగా బడి వంటింట్లో గరిటె తిప్పుతున్న మనిషికి అన్నీ కొంచెం కొంచెం ఎందుకు కావాలో ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేకపోయింది. కావాలని మాత్రం తెలుసు.

“నా కర్ర ఇలా ఇవ్వు,” అని ఓపల్ లేచింది. “వాణ్ణి కన్నది నేను. ఎలా రాడో చూస్తాను.”

బండి దగ్గర ఆవిడ ఏమందో లోపలికి వినబడలేదు. కర్ర రెండుసార్లు బండి తలుపుకు తగిలిన చప్పుడు మాత్రం వినబడింది. కాసేపటికి ర్యాండల్ ప్లేటుతో సహా లోపలికి వచ్చి, సోఫా చివర కూర్చున్నాడు. ఎవరి మొహమూ చూడలేదు.

“ఏడు నిమిషాలు,” అంది వెర్నా, అతణ్ణి కాకుండా సోఫాను ఉద్దేశించి.

“నానమ్మకు చెప్పాను, కూర్చుంటానని,” అన్నాడతను కూతురితో.

ఇస్త్రీ బల్ల మీద పుస్తకాలు పేర్చి, వాటికి ఫోన్ ఆనించారు. వెర్నా ఫోన్ చేతిలోకి తీసుకుని ఒక్కొక్కరి మొహం చూపించింది. ఓపల్ టోపీ సర్దుకుంది. హార్లన్ బాబాయి ఫొటో అనుకుని నవ్వు మొహం పెట్టి అలాగే ఉండిపోయాడు. వెర్నా ఫోన్‌ను స్థానంలో పెట్టి, వెనక్కి నడిచి నిలబడింది. రాసుకున్న కాగితాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుంది.

“నా పేరు వెర్నా. మన ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనానికి ఇరవై నిమిషాలిస్తారు. దాన్ని ముప్పయి చెయ్యాలని మిమ్మల్ని ఒప్పించడానికి...”

“గట్టిగా!” అన్నాడు హార్లన్ బాబాయి.

“ష్!” అంది ట్వైలా.

“...ఒప్పించడానికి నిలబడ్డాను. ఇరవై నిమిషాల్లో ఎనిమిది లైన్లోనే పోతాయి. మిగిలేవి పన్నెండు. అందులో పాల డబ్బా తెరుచుకోవాలి, స్నేహితుడి పక్కన చోటు వెతుక్కోవాలి. చిన్నపిల్లలైతే మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి గంట కొట్టేస్తారు...”

మూడో నిమిషానికి ఆమె గొంతు కుదుటపడింది. ఈ విషయం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చెత్తబుట్టలో పడే పళ్లేలను రోజూ చూసేది ఆమే. కాగితం చూడడం మానేసింది.

“అంత తక్కువ టైమిచ్చి, వాళ్ల నుంచి మనం ఎంతో ఆశిస్తున్నాం. పాపం, వాళ్లకేం చెబుతున్నాం? నీ టైమయిపోయింది, లే, అంటున్నాం...”

ర్యాండల్ ఫక్కున నవ్వాడు. అందులో సరదా ఏమీ లేదు.

“మరి మాకెంత టైమిచ్చావ్?” అన్నాడు.

వెర్నా మాట అక్కడే తెగింది. ఫోన్ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

“నాన్నా!” అంది షెల్బీ. “మొత్తం పోయింది. నాలుగున్నర నిమిషాలైంది. మొత్తం పాడుచేశావ్!”

“పాడుచేసింది నేనా? రెండేళ్లంది మీ అమ్మ. ఆరేళ్లయింది. సరే, ఉద్యోగం చేసుకుంటూ చదవడం కదా, అవుద్దిలే అని నోరు మూసుకున్నా. మంగళవారాలు, గురువారాలు నేనే గుడ్లు వేయించుకు తిన్నా. నీ పుట్టినరోజుకి కూడా ఇది పరీక్షలో ఉంది. ఒక్క మాట అన్నానా?”

“అనలేదు,” అంది వెర్నా.

“ఇంకో వారమే కదా అనుకుంటుంటే, ఇది సగమేనంట! మిగతా సగం ఇంకో ఊళ్లో ఉందంట! ఆ ముక్క నాకు పోస్టువాడు చెప్పాలా?”

“నేనే చెబ్దామనుకున్నాను.”

“ఎప్పుడు?”

 ట్వైలా గోళ్లు చూసుకుంటోంది. ఇలాంటి సందర్భాల్లో ఆమె ఎన్నడూ లేచి వెళ్లదు.

“చదివి ఏమవుతావ్?” అన్నాడు ర్యాండల్. ఈసారి గొంతు తగ్గింది. “అది చెప్పు ముందు. మా అమ్మ టీచరంటది, అక్క బ్యాంకంటది. మా లారీల యార్డులో వాళ్లు నన్నడుగుతారు, మీ ఆవిడ దేనికి చదువుతోంది అని. నాకు తెలీదని చెప్తే నవ్వుతారు. చెప్పు. ఏమవుతావ్?”

“తెలీదు ర్యాండల్.”

“తెలీదా?”

“నిజంగా తెలీదు. క్లాసులో కూర్చుంటే బాగుంటుంది. ఎవరో ఒకటి చెప్తారు, కాదు అది ఇలా కూడా అయ్యుండొచ్చు అని ఇంకొకళ్లంటారు, నాక్కూడా ఏదో అనిపిస్తుంది. ఆ అనిపించడం బాగుంటుంది. అంతకు మించి నాకేం తెలీదు.”

హార్లన్ బాబాయి మోకాలు నిమురుకుంటూ, “మరి నర్సు కాదా?” అన్నాడు. 

నాలుగూ ఇరవై అయిదు. షెల్బీ ఫోన్ తుడిచి మళ్లీ పుస్తకాలకు ఆనించింది. “ఇంకోసారి మొదటి నుంచి తీయాలి. ఇప్పుడే మొదలెడితే పంపగలం. నాన్నా, దయచేసి కూర్చో.”

ర్యాండల్ కూర్చోలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

“కూర్చుంటా. ఒక్క మాట చెప్పమను. శనివారంతో సరి, ఇంక ఆ యూనివర్సిటీ జోలికి పోను అని చెప్పమను. కదలకుండా కూర్చుంటా, చప్పట్లు కూడా కొడతా.”

“అదేం బేరంరా!” అంది ఓపల్.

“బేరమో ఏదో. నాక్కావలసింది ఒక్క మాట.”

వెర్నా అతని వంక చూసింది. పాతికేళ్ల కాపురంలో అతను ఆమెను ఇలా అడుక్కున్నది లేదు. అడిగేది దబాయింపులాగే ఉంది గానీ కళ్లు బితుకుబితుకుమంటున్నాయి. ఆమెకు అతని మీద ఒళ్లు మండింది. ఆ వెంటనే జాలేసింది. ఈ మనిషి లేకపోతే అయిదో మనిషి లేడు, ఆరేళ్లూ గంగలో కలిసినట్టే. ఉంటే మాత్రం ఆ ఆరేళ్లు తెరిచిన తలుపుకు గొళ్లెం పడుతుంది. ఏది పోయినా పోయేది తనదే.

వెళ్దామని ఉందా తనకు? అదీ తెలియదు. బుధవారం నుంచి ఆ కవరు తెరవడం, మూయడం, అంతే. ఒక్కోసారి చదువుతుంటే గుండె ఎగిరి గంతేస్తుంది. ఒక్కోసారి సీటు లేదని వాళ్లు రాసినా బాగుండేదనిపిస్తుంది.

“అమ్మా, నాలుగున్నర,” అంది షెల్బీ.

“సరే,” అంది వెర్నా.

“ఏంటి సరే?”

“శనివారంతో ఆపేస్తాను. వెళ్లను. చాలా?”

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. ర్యాండల్ ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత సోఫా దగ్గరికి నడిచి, ఇందాకటి చోటులోనే కూర్చున్నాడు. షెల్బీ ఫోన్ తీసి తల్లి చేతికిచ్చింది.

రెండోసారి వెర్నా తడబడలేదు. మొహాలు చూపించింది, వెనక్కి నడిచింది, మాట్లాడింది. పాల డబ్బా తెరవడం రాక ఏడ్చిన ఒకటో తరగతి పిల్ల గురించి చెప్పింది. అది కాగితంలో లేదు. ఆ పిల్ల డబ్బా తాను తెరిచి ఇచ్చేసరికి గంట కొట్టేశారని, ఆ పిల్ల నిండు డబ్బాను చెత్తబుట్టలో వేసి, థాంక్యూ అని చెప్పి మరీ వెళ్లిందని చెప్పింది.  ఓపల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ర్యాండల్ మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, నేలకేసి చూస్తూ విన్నాడు. కదలలేదు.

ఏడు నిమిషాల పదకొండు సెకన్లు. ఆఖర్న ఫోన్ తిప్పితే అయిదుగురూ ఉన్నారు.

“అయిపోయింది!” అని షెల్బీ గంతేసింది. ట్వైలా, హార్లన్ బాబాయి చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడతానన్న మనిషి కొట్టలేదు.

“చీటీలు, చీటీలు! అవి లేకపోయినా తీసుకోదు,” అంటూ షెల్బీ తలా ఒక కాగితం, పెన్ను పంచింది. విన్నవాళ్లు తలా రెండు వాక్యాలు రాసివ్వాలట. వక్త మాటను మీరు నమ్ముతున్నారా? ఎందుకు? అదీ ప్రశ్న. వాటిని ఫొటో తీసి వీడియోతో పాటు పంపాలి.

ర్యాండల్ అందరికన్నా ముందు రాసేశాడు. కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, తన ప్లేటు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

షెల్బీ ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి ఫొటో తీస్తూ చదివింది. హార్లన్ బాబాయి చీటీ: ‘నమ్ముతున్నాను. ఇంకొంచెం గట్టిగా చెప్పాలి.’ ఓపల్ చీటీ: ‘నా కోడలు అబద్ధమాడదు.’ ట్వైలా రెండు వాక్యాలు రాయమంటే కాగితానికి రెండు వైపులా రాసింది. అయిదో చీటీ తిప్పి షెల్బీ ఆగిపోయింది. చదవలేదు. తల్లి చేతికిచ్చింది.

ర్యాండల్‌ది కుదురైన రాత. ‘పిల్లల తిండి గురించి చెప్పింది నమ్మాను. అంతకు ముందు నాతో చెప్పింది నమ్మలేదు.’

వెర్నా దాన్ని రెండోసారి చదివింది. నమ్మలేదు. నమ్మకుండానే వచ్చి కూర్చున్నాడు. ఏడు నిమిషాలూ కదలకుండా కూర్చున్నాడు.

“ఇది పంపొద్దమ్మా,” అంది షెల్బీ గుసగుసగా. “మేడమ్ చదువుతుంది. ఇంకో కాగితం మీద నాన్న రాతలాగా నేను రాసేస్తాను. ఆరు నిమిషాలుంది.”

“ఏం రాశాడే?” అంది ఓపల్.

“బాగుందని రాశాడు అత్తయ్యా,” అంది వెర్నా. అత్తగారు అప్పుడే రాసిచ్చిన మాట తలుచుకుని సిగ్గుపడింది. కూతురితో, “ఉన్నది ఉన్నట్టు పంపు,” అంది.

“మార్కులు తీసేస్తే?”

“తీసెయ్యనీ. పంపు.”

నాలుగూ యాభై ఏడుకి వెళ్లింది. అందిందని కాలేజీ నుంచి ఒక వాక్యం వచ్చింది. ట్వైలా అందరికీ చల్లటి టీ పోయడానికి లేచింది. ఓపల్ శనివారం వచ్చే చుట్టాల పేర్లు ఏకరువు పెడుతోంది. వెర్నా ఆ మాటల మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వెళ్లి, బండి అవతలి తలుపు తీసి ఎక్కి కూర్చుంది.

ర్యాండల్ తినడం లేదు. ప్లేటు ముందు అద్దం దగ్గర పెట్టి ఉంది.

“చదివావా?” అన్నాడు.

“చదివాను. పంపేశాను కూడా.”

“అదే పంపావా?”

“అదే.”

అతను తల ఊపాడు. వీధి చివర చేపల విందు నుంచి మనుషులు కుర్చీలు చంకన పెట్టుకుని తిరిగొస్తున్నారు. ఒకాయన చెయ్యి ఊపితే ఇద్దరూ అలవాటుగా చేతులూపారు.

“నమ్మనప్పుడు ఎందుకు కూర్చున్నావ్?” అంది వెర్నా.

“ఏం చెయ్యమంటావ్? కూర్చోకపోతే నీ ఆరేళ్లు పోతాయి. పోగొట్టిన వాడిగా నీ పక్కన నేనెలా బతకాలి?” అతను స్టీరింగ్ మీద చెయ్యి వేశాడు. “నువ్వు వెళ్తే ఎలా బతకాలో అదీ తెలీదనుకో.”

“రోజూ వచ్చేస్తాను కదా. అక్కడేమీ కాపురం పెట్టను.”

ఆ మాట అన్నాక గానీ తానేమందో ఆమెకు తట్టలేదు. ర్యాండల్ మెల్లగా ఆమె వైపు తిరిగాడు. బుధవారం తర్వాత నేరుగా ఆమె మొహం చూడడం ఇది రెండోసారి.

“మొదలెప్పుడు?” అన్నాడు.

“ఆగస్టు ఇరవై నాలుగు.”

తడుముకోకుండా వచ్చేసింది. నెల, తారీఖు, అన్నీ. వెళ్తానో లేదో తెలియదని నాలుగు రోజులుగా అత్తగారితో, కూతురితో, తనతో తాను చెప్పుకుంటూ వచ్చిన మనిషి. వెర్నాకు ఏడుపొచ్చింది, అది సంతోషమో భయమో ఆమెకు అంతు చిక్కలేదు.

 ర్యాండల్ ప్లేటు తీసి ఆమె ఒళ్లో పెట్టి, తాళం తిప్పాడు. ఇంజిన్ మోగింది.

“ఎక్కడికి?” అంది వెర్నా.

“నాకూ తెలీదు,” అన్నాడు ర్యాండల్. “దిగుతావా, వస్తావా?”